ప్రాణం నిలిచాక మనిషి నిలబడాలి



మనవాళ్లలో ఎవరికైనా పక్షవాతం వచ్చిందనో, తుంటి ఎముక విరిగిందనో తెలిస్తే జమాత్ అంతా కదులుతుంది. జుమా నమాజ్ తర్వాత ప్రకటన వస్తుంది. ఆసుపత్రి బిల్లుకు, స్కానింగ్‌కు, మందులకు డబ్బు పోగవుతుంది. రక్తం ఇవ్వడానికి కుర్రవాళ్లు ముందుకొస్తారు. అల్లాహ్ దయతో రోగి ప్రాణంతో ఇంటికి వస్తాడు. అందరూ అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకుంటారు. చాలాసార్లు మన సాయం కూడా అక్కడితో ఆగిపోతుంది.

కానీ ఆ ఇంట్లో అసలు కష్టం ఆ రోజే మొదలవుతుంది. ఆ మనిషి లేచి కూర్చోవాలి. తనంతట తాను బాత్‌రూమ్‌కు వెళ్లాలి. అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోవాలి. కుదిరితే మళ్లీ తన కుట్టుమిషను ముందో, దుకాణంలోనో కూర్చోవాలి. వీటిలో ఏ ఒక్కటీ మాత్రతో రాదు, ఇంజెక్షన్‌తో రాదు. రోజూ చేయించే కదలికతో వస్తుంది. ఆ కదలికను పద్ధతిగా నేర్పే వైద్యమే ఫిజియోథెరపీ. ఆపరేషన్‌కు చందా ఇచ్చే మనం ఈ వైద్యానికి చందా అడగం, ఇవ్వం. దీని విలువేమిటో, దీనికి మన సాయం ఎలా అందించవచ్చో దాతల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెదడు, కండరం: రెండు వైపులా నడిచే మాట

చెయ్యి ఎత్తాలని మనం అనుకోగానే మెదడు నుంచి ఆజ్ఞ బయలుదేరి, వెన్నుపాము మీదుగా నరాల గుండా కండరాన్ని చేరుతుంది. మెదడు ఎడమ భాగం కుడివైపు దేహాన్ని, కుడి భాగం ఎడమవైపు దేహాన్ని నడిపిస్తుంది. అందుకే మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. చాలామందికి మాట కూడా పోతుంది.

ఆజ్ఞ పైనుంచి కిందికే పోతుందని మనం అనుకుంటాం. నిజానికి కింది నుంచి పైకి కూడా సమాచారం నిరంతరం వెళుతూ ఉంటుంది. పాదం నేలను తాకింది, మోకాలు వంగింది, బరువు కుడివైపు ఒరిగింది అని కీళ్లూ కండరాలూ మెదడుకు చెబుతూనే ఉంటాయి. ఆ కబుర్లు అందుతున్నంతకాలం మెదడులో ఆ అవయవానికి కేటాయించిన భాగం చురుకుగా ఉంటుంది. అవి ఆగిపోతే ఆ భాగం క్రమంగా మందగిస్తుంది.

చచ్చిపోయిన మెదడు కణాలు తిరిగి బతకవు. అయితే వాటి చుట్టుపక్కల ఉన్న కణాలు కొత్త దారులు వేసుకుని ఆ పనిలో కొంత తమ నెత్తికెత్తుకోగలవు. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగి మన ప్రాంతంలో రోడ్లు తెగిపోయినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. జనం చుట్టుదారులు వెతుక్కున్నారు. మొదట మనుషులు నడిచిన దారిలో తర్వాత బండ్లు నడిచాయి. తిరిగేకొద్దీ దారి గట్టిపడింది. మెదడులోనూ అంతే. ఒక కదలికను వందల సార్లు, వేల సార్లు చేస్తేనే ఆ కొత్త దారి గట్టిపడుతుంది. ఎవరూ నడవకపోతే ఆ దారి మళ్లీ ముళ్లకంపలతో మూసుకుపోతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారి మెదడుకూ కదలిక అవసరమే. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవయసు వారిపై చేసిన ఒక అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. సగం మంది ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున చురుగ్గా నడిచారు. మిగిలిన సగం మంది ఒళ్లు సాగదీసే తేలిక వ్యాయామాలు మాత్రమే చేశారు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం మామూలుగా వయసుతో కుంచించుకుపోతుంది. నడిచినవారిలో అది సుమారు 2 శాతం పెరిగింది. నడవనివారిలో ఒక శాతానికి పైగా తగ్గింది. నడకకు గుండె బలంగా కొట్టుకుంటుంది, మెదడుకు రక్తం బాగా అందుతుంది, మెదడు కణాలకు ఎరువులా పనిచేసే ప్రోటీన్లు ఊరుతాయి.

ప్రేమతో పడుకోబెడితే

పక్షవాతం వచ్చిన మనిషిని మన ఇళ్లలో ఎంతో ప్రేమగా చూస్తారు. ఆ ప్రేమలోనే ఒక ప్రమాదం ఉంది. "అబ్బా, మీరు లేవొద్దు, మేమున్నాం కదా" అని నీళ్లు నోటికి అందిస్తారు, అన్నం తినిపిస్తారు, పక్క మీదే అన్నీ కానిస్తారు. చూడటానికి వచ్చిన చుట్టాలు కూడా "బాగా రెస్ట్ తీసుకోండి" అని చెప్పి వెళతారు.

అలా పడుకునే ఉంటే ఏమవుతుంది? వాడని కండరం రోజురోజుకూ కరిగిపోతుంది. కీళ్లు బిగుసుకుపోతాయి. మడమ వెనుక నరం పట్టేసి పాదం కిందికి జారిపోతుంది, తర్వాత నిలబెట్టినా పాదం నేల మీద ఆనదు. ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వస్తుంది. పిక్కలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. షుగర్ ఉన్నవారిలో అవి మానడం మరీ కష్టం. వీటన్నిటికీ తోడు, నేను ఇక ఎందుకూ పనికిరాను అనే దిగులు మనిషిని లోపలి నుంచి తినేస్తుంది.

పడిపోయిన చేతిని మొదట వాడలేకపోవడం జబ్బు వల్ల. తర్వాత వాడకపోవడం అలవాటు వల్ల. మంచి చెయ్యి అన్ని పనులూ చేసేస్తుంటే మెదడు రెండో చేతిని మరిచిపోతుంది. అమెరికన్ పరిశోధకుడు ఎడ్వర్డ్ టౌబ్ దీన్ని గుర్తించి ఒక విచిత్రమైన వైద్యం కనిపెట్టారు. రోగి మంచి చేతికి తొడుగు తొడిగి, దాన్ని వాడకుండా చేసి, బలహీనమైన చేతితోనే రోజూ గంటల తరబడి పనులు చేయించడం. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలు గడిచిన 222 మందిపై ఈ పద్ధతిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. రెండు వారాల శిక్షణతో వచ్చిన మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. చేతిలో కొద్దిపాటి కదలిక మిగిలి ఉన్నవారికే ఈ పద్ధతి పనికొస్తుంది. కానీ ఇందులో అందరికీ ఒక ధైర్యం ఉంది. మూడు నెలలు దాటిపోయాయి, ఇక లాభం లేదు అని ఎవరినీ వదిలేయకూడదు.

మొదటి గంటలు, మొదటి రోజులు, తర్వాతి నెలలు

పక్షవాతంలో ప్రతి దశకూ ఒక బాధ్యత ఉంది.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి ఎత్తితే జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి తూలిపోవడం, చూపు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. లక్వా అని మంత్రం వేయించడానికో, పావురం నెత్తురు పూయించడానికో, నాటు మందుకో బయలుదేరితే ఆ సమయం దారిలోనే కరిగిపోతుంది. దుఆ చేయించడానికి ఎవరూ అడ్డుచెప్పరు. ఆంబులెన్సులో వెళుతూ కూడా దుఆ చేయవచ్చు.

తర్వాత మొదటి రోజులు. ఎంత తొందరగా లేపితే అంత మంచిదని అనుకోవడం కూడా పొరపాటే. ఐదు దేశాల్లో రెండు వేల మందికి పైగా రోగులపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టి, నిలబెట్టినవారికి మేలు తగ్గినట్టు అందులో తేలింది. తక్కువసేపు, ఎక్కువసార్లు లేపడం మంచిదని నిపుణులు గ్రహించారు. అందుకే ఈ దశలో ఎప్పుడు, ఎంతసేపు అన్నది డాక్టరూ ఫిజియోథెరపిస్టూ చెప్పాలి. కదలికకు కూడా మందులాగే మోతాదు ఉంటుంది.

ఆ తర్వాత మొదటి మూడు నెలలు బంగారం లాంటివి. కోలుకోవడంలో ఎక్కువ భాగం అప్పుడే జరుగుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశాక వచ్చే నెలలు కూడా అవే. ప్రభుత్వ పథకాలు ఆపరేషన్‌కూ ఆసుపత్రి పడకకూ బాగా అక్కరకొస్తాయి. కానీ ఏ పీలేరు నుంచో పలమనేరు నుంచో ఒక రోగిని, తోడుగా ఇంకొక మనిషిని, ఆటోలో బస్టాండుకు, బస్సులో తిరుపతికి, మళ్లీ ఆటోలో ఆసుపత్రికి నెలల తరబడి తీసుకురావడం ఆ ఇంటి శక్తికి మించిన పని. తోడు వచ్చేవాడి కూలి కూడా పోతుంది. రెండు వారాలు వస్తారు, మూడో వారం మానేస్తారు. మాట్లాడకుండా మంచం ఒక మూలకు చేరుతుంది.

మన పక్కనే ఉన్న పాఠాలు

ఈ వైద్యం గురించి తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. చిత్తూరుకు గంట ప్రయాణం దూరంలో వేలూరు ఉంది. 1940లలో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల ముడుచుకుపోయిన చేతి వేళ్లకు ఆపరేషన్లు మొదలుపెట్టారు. పనిచేస్తున్న ఒక కండరం తాలూకు నరంతాడును తీసి, పని చెయ్యని వేళ్లకు కలిపి కుట్టేవారు. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఆ మరునాడే చెయ్యి పనిచేయదు. ఇన్నాళ్లూ ఒక పని చేసిన కండరం ఇప్పుడు వేరే పని చేయాలి. ఆ సంగతి మెదడు నేర్చుకోవాలి. వారాల తరబడి ఫిజియోథెరపిస్టు పక్కన కూర్చుని నేర్పిస్తేనే ఆ చెయ్యి మళ్లీ పెన్ను పట్టేది, అన్నం కలిపేది. కత్తి చేసిన పనిని కదలిక పూర్తిచేయాలని వేలూరు నేర్పిన మొదటి పాఠం ఇది.

రెండో పాఠం డాక్టర్ మేరీ వర్గీస్. కేరళకు చెందిన ఆమె వేలూరులో యువ వైద్యురాలిగా ఉండగా 1954లో జరిగిన కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము నుంచి కింది భాగం చచ్చుబడింది. బ్రాండ్ ప్రోత్సాహంతో ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో చికిత్స పొంది, న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదివి తిరిగొచ్చారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం మొదలైంది. వెన్నుపాము దెబ్బతిన్నవారు స్నానం, బట్టలు వేసుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం నేర్చుకుని సొంత ఊరికి వెళ్లి బతకడానికి సిద్ధం చేసే చోటు అది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె కాళ్లు తిరిగి రాలేదు. కానీ ఆమె జీవితం తిరిగి వచ్చింది. ఫిజియోథెరపీ అందరినీ నడిపించలేదు. నడవలేనివారిని కూడా బతుకులో నిలబెట్టగలదు.

మూడో పాఠం మన తిరుపతిలోనే ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో స్థాపించిన బర్డ్ ఆసుపత్రికి పోలియో వచ్చిన పిల్లలను ఎక్కడెక్కడి నుంచో తీసుకొచ్చేవారు. వంకరపోయిన కాలికి ఆపరేషన్, ఆ తర్వాత క్యాలిపర్, ఆ తర్వాత నడక శిక్షణ. ఈ మూడూ వరుసగా జరిగితేనే పాకే బిడ్డ నిలబడేది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో దేశం పోలియో లేనిదిగా ధ్రువీకరణ పొందింది. కొత్త కేసులు పోయినా అప్పటి పిల్లలు ఇప్పుడు నడివయసులో ఉన్నారు, వారికి ఈ వైద్యం అవసరం తీరలేదు. 1993లో మొదలైన స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాల కూడా ఉంది. చేయి చాచే దూరంలో ఇంత వైద్యం ఉంది. రోగిని అక్కడిదాకా చేర్చి, అక్కడ నేర్చుకున్నదాన్ని ఇంట్లో కొనసాగించేలా చూడటమే మన వంతు.

ఫిజియోథెరపిస్టు ఏం చేస్తారు?

కరెంటు పెడతారు, మాలిష్ చేస్తారు అని చాలామంది అనుకుంటారు. నొప్పి తగ్గించడానికి, కండరాన్ని మేల్కొల్పడానికి యంత్రాలు కొంత ఉపయోగపడతాయి. కానీ రోగి పడుకుని ఉంటే ఇంకొకరు వచ్చి ఏదో చేసి వెళ్లడం ఈ వైద్యానికి సారం కాదు. రోగి తనంతట తాను చేయడం, రోజురోజుకూ కాస్త ఎక్కువ చేయడం ముఖ్యం.

నాలుగేళ్లకు పైగా చదివి డిగ్రీ పొందినవారే ఫిజియోథెరపిస్టులు. 2021లో కేంద్రం చేసిన చట్టం ఈ వృత్తికి జాతీయ స్థాయి నియంత్రణ సంస్థను ఏర్పరిచింది. ఇంటికి పిలిచేముందు వారి అర్హత అడగడంలో తప్పులేదు.

మంచి ఫిజియోథెరపిస్టు మొదట అడిగే ప్రశ్న, "మీరు మళ్లీ ఏ పని చేయాలనుకుంటున్నారు?" అని. ఒక టైలరు మిషను తొక్కాలంటాడు. ఒక తల్లి రొట్టె ఒత్తాలంటుంది. ఒక పెద్దాయన మసీదుకు నడవాలంటాడు. ఆ పనిని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను సాధన చేయిస్తారు. తనకు కావలసిన పని కోసం చేసే కదలికను మెదడు తొందరగా నేర్చుకుంటుంది.

ఇంట్లోవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

1. లేవలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి.
2. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదు. భుజం కీలు జారుతుంది. ఆ చేతి కింద దిండు పెట్టి ఆసరా ఇవ్వాలి.
3. పడుకోబెట్టి తినిపించకూడదు. నిటారుగా కూర్చోబెట్టాలి. మింగేటప్పుడు దగ్గు వస్తే డాక్టరుకు చెప్పాలి.
4. రోగి చేయగలిగిన పనిని ఆలస్యమైనా అతన్నే చేయనివ్వాలి.
5. నేర్పిన వ్యాయామాలు ఒకేసారి అలసిపోయేలా కాకుండా రోజులో కొద్దికొద్దిగా పలుమార్లు చేయించాలి.
6. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం కనిపిస్తే వ్యాయామం ఆపి వెంటనే డాక్టరును కలవాలి.
7. బీపీ, షుగర్ మాత్రలు ఎవరు చెప్పినా సొంతంగా మానకూడదు. రెండోసారి పక్షవాతం రావడానికి అదొక పెద్ద కారణం.

నమాజ్, నేల, కుర్చీ

నమాజ్ ఆరాధన. దాన్ని వ్యాయామం పేరుతో తక్కువ చేయకూడదు. కానీ నిలబడటం, నడుము వంచడం, నేల మీద నుదురు ఆనించడం, మోకాళ్లు మడిచి కూర్చోవడం, మళ్లీ లేవడం అనే ఈ వరుసను రోజుకు ఐదుసార్లు చేసిన దేహానికి నేలతో పరిచయం పోదు. కుర్చీ, సోఫా అలవాటై నేల మీద నుంచి లేవలేని వయోవృద్ధులు పెరుగుతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

జబ్బు చేసినవారి బాధ వేరు. సజ్దా చేయలేకపోతున్నానని కన్నీళ్లు పెట్టుకునే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. నిలబడి చేయలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి చేయవచ్చని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి చెప్పినట్టు బుఖారీ సంకలనంలో ఉంది. కుర్చీలో కూర్చుని చేసే నమాజ్‌లో చిన్నతనం లేదు. అదే సమయంలో, కోలుకోగల మనిషికి సజ్దా ఒక మంచి గమ్యం కూడా. మొదట మంచం అంచున ఆసరా లేకుండా కూర్చోవడం, తర్వాత కుర్చీ నుంచి లేవడం, తర్వాత గోడ పట్టుకుని నిలబడటం, తర్వాత ఎత్తైన బల్ల మీదకు వంగడం, చివరికి నేల. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో ఫిజియోథెరపిస్టు చూసి చెబుతారు. మోకీలు మార్చుకున్నవారు, లేవగానే కళ్లు తిరిగేవారు అడగకుండా నేల మీదకు దిగకూడదు.

మసీదులకు కూడా ఇందులో పని ఉంది. మెట్ల పక్కన ఒక ర్యాంపు, పట్టుకోవడానికి ఒక కడ్డీ, వుజూ చేసేచోట జారని నేల, కూర్చోవడానికి సరైన ఎత్తులో నాలుగు పీటలు ఉంటే, ఇంట్లో మిగిలిపోయిన పెద్దలు మళ్లీ జమాత్‌తో కలుస్తారు.

జబ్బు రాకముందే

పక్షవాతానికి దారితీసే బీపీ, షుగర్ మన ఇళ్లలో మామూలైపోయాయి. కదిలే కండరం రక్తంలోని చక్కెరను ఇంధనంగా వాడేసుకుంటుంది. చెన్నైలో డాక్టర్ అంబాడి రామచంద్రన్ బృందం షుగర్ వచ్చే అంచున ఉన్న 531 మందిని మూడేళ్లపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలుగా వదిలేసినవారిలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. నడక, ఆహార నియమాలు పాటించినవారిలో నూటికి 39 మందికే వచ్చింది. మన పక్క ఊళ్లో మనలాంటి తిండి తినేవారిపై వచ్చిన ఫలితం ఇది.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుకైన శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులన్నమాట. వారంలో రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కూడా ఉండాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా అలాంటిదే. ఫజ్ర్ తర్వాత పడుకోకుండా నడిస్తే అరగంట అక్కడే పూర్తవుతుంది. బయట నడవడానికి వీలుకాని మన ఆడవాళ్లకు మిద్దె మీద నడక ఉంది. ఇంటిపని ఉంది కదా అనుకోవద్దు. ఒకేచోట నిలబడి చేసే వంట నడకకు సాటి రాదు. రోజంతా వంగి కుట్టే టైలర్లు, గల్లాపెట్టె ముందు కదలకుండా కూర్చునే వ్యాపారులు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. షుగర్ ఉన్నవారు నడకకు ముందూ తర్వాతా పాదాలు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి చెప్పు కొరికినా తెలియదు.

పిల్లల సంగతి

పుట్టగానే ఏడవని బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మెడ నిలపడంలో, కూర్చోవడంలో వెనకబడితే "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అని ఊరుకోకూడదు. చిన్న వయసులో మెదడు కొత్త దారులు వేసుకునే శక్తి ఎక్కువ. ఆ నెలలు పోతే తిరిగి రావు. పిల్లల డాక్టరుకు చూపించాలి. బడి వయసు వచ్చిన ప్రత్యేక అవసరాల పిల్లలకు మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతుంటాయి. ఈ సంగతి తెలియక బిడ్డను ఇంట్లోనే దాచుకునే తల్లులకు ఒక మాట చెప్పి, తోడు వెళ్లడం కూడా సేవే.

దాతలు ఏం చేయగలరు?

ఒక రోగి, తొంభై రోజులు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన ఒక రోగికి మొదటి మూడు నెలల ఫిజియోథెరపీ ఖర్చు, రాకపోకల ఖర్చు ఒక దాత లేదా ఒక కుటుంబం భరించవచ్చు. ఆపరేషన్‌కు ఇచ్చిన డబ్బు వృథా పోకుండా కాపాడేది ఈ డబ్బే.

పరికరాల నిధి. వాకర్లు, చక్రాల కుర్చీలు, కమోడ్ కుర్చీలు, చేతికర్రలు కొని ఉంచి, అవసరమైనవారికి ఇచ్చి, పని తీరాక వెనక్కి తీసుకోవచ్చు. అయితే వాకరు ఎత్తు మనిషికి సరిపోవాలి. అరిగిన రబ్బరు బుడిపెలు మార్చాలి. కొలత చూడకుండా ఫొటో కోసం ఇచ్చిన కుర్చీ మూలనపడుతుంది.

ఇంటివారికి శిక్షణ. రోగిని తిప్పడం, లేపడం, నడిపించడం నెలకొక మధ్యాహ్నం ఫిజియోథెరపిస్టుతో నేర్పించవచ్చు. రోజుకు ఒక గంట వచ్చే నిపుణుడికంటే మిగిలిన గంటలన్నీ పక్కనుండే భార్యాబిడ్డలు నేర్చుకుంటే మేలు ఎక్కువ.

మన అమ్మాయిలకు చదువు. ఆడవారికి ఆడవారే వైద్యం చేయాలని కోరే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. మగ ఫిజియోథెరపిస్టు వస్తే వద్దని పంపేసే ఇంట్లో నష్టపోయేది రోగే. ఫిజియోథెరపీ చదవాలనుకునే అమ్మాయికి ఫీజు కట్టిన దాత ఎన్నో ఇళ్ల తలుపులు తెరిచినట్టే.

కాగితాల సాయం. వైకల్య ధ్రువపత్రం ఇప్పించడం, పింఛనుకు దరఖాస్తు చేయించడం చదువుకున్న కుర్రవాళ్లు చేయగల సేవ. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు. కేంద్ర పథకం కింద సహాయ పరికరాలు కూడా ఇస్తారు.

వీటిలో జకాత్ సొమ్ము దేనికి చెల్లుతుందో, సదఖా దేనికి వాడాలో ఉలమాలను అడిగి నిర్ణయించుకుందాం.

ఈ దేహం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. నడవగలిగినవారు రేపటి నుంచే నడవడం ఆ అమానత్‌కు మనం ఇచ్చే మర్యాద. మంచాన పడ్డ సోదరుణ్ణి పలకరించడానికి వెళ్లినప్పుడు పండ్ల సంచి ఒక్కటే తీసుకుపోకుండా, "ఈరోజు ఎన్నిసార్లు లేచి కూర్చున్నారు?" అని అడుగుదాం. లేవడానికి మన భుజం ఇద్దాం. మంచాన ఉన్న ప్రతి ఒక్కరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక, వారిని నిలబెట్టే చేతుల్లో మన చేతులనూ చేర్చుగాక. ఆమీన్.